పొయినాడు: పత్తికొండ నుంచి గండికోట దాకా ఐదు రోజులు

ఫిబ్రవరి 11, కర్నూలు – పత్తికొండ

మా జేజినాయన ఏటా ఫిబ్రవరి 11న అన్నం ముట్టేవాడు కాదు. ఏకాదశి అయినా కాకపోయినా, ఇంట్లో పెండ్లి ఉన్నా అంతే. పొద్దున ఒక చెంబు మజ్జిగ తాగి చేనికి పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చి పడుకునేవాడు. ఎందుకని అడిగితే మా జేజి "ఏదో మొక్కులేమ్మా" అనేది. ఆమెకూ తెలియదు. జేజినాయన 1991లో చనిపోయాడు. ఆ మొక్కు ఏమిటో నాకు తెలిసింది మాత్రం నిరుడే.

పాత మిద్దె పడగొడుతుంటే అటక మీద రేకుపెట్టెలో చిన్న పుస్తకం ఒకటి దొరికింది. అరచేతంత ఉంటుంది. అట్ట ఊడిపోయింది. లోపలంతా పెన్సిల్ రాత. ఆ కాలంలో కాపీయింగ్ పెన్సిల్ అనేవాళ్ళు. రాసినప్పుడు బూడిదరంగులో ఉంటుంది, తడి తగిలితే ఊదారంగు తేలుతుంది. చెమట చేయి ఆనిన చోటల్లా ఆ ఊదా మరకలు ఇప్పటికీ ఉన్నాయి. మొదటి పేజీలో తేదీ ఒక్కటే రాసి ఉంది: 11-2-42.

జేజినాయన 1941లో పట్టాళంలో చేరాడని, ఇండియన్ హాస్పిటల్ కోర్‌లో నర్సింగ్ సిపాయి అని, సింగపూర్‌లో జపానోళ్ళకు చిక్కాడని ఇంట్లో అందరికీ తెలుసు. అంతకుమించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తేదీ పట్టుకుని వెతికితే నాకు దొరికింది ఇది. సింగపూర్‌లో టైర్‌సాల్ పార్కు అనే చోట మన సిపాయిల కోసం మిలిటరీ ఆస్పత్రి ఉండేది. వార్డులన్నీ అత్తాప్ ఆకు కప్పిన పొడుగాటి పాకలు. 1942 ఫిబ్రవరి 11న జపాను విమానాలు బాంబులు వేశాయి, పాకలు అంటుకున్నాయి. లేవలేని రోగులు చాలామంది మంచాల మీదే కాలిపోయారు. ఇంకో నాలుగు రోజులకు, 15వ తేదీన, సింగపూర్ లొంగిపోయింది.

నేను ముప్పై నాలుగేండ్లు గవర్నమెంటు ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఒకసారి నైట్ డ్యూటీలో షార్ట్ సర్క్యూటై వార్డంతా పొగ కమ్మింది. పదకొండు మంది ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు, నేనూ, ఒక ఆయమ్మ. అందరూ క్షేమంగానే బయటపడ్డారు. కానీ ముందు ఎవర్ని ఎత్తాలి అని తలుపు దగ్గర నిలబడిపోయిన ఆ అర నిమిషం ఇప్పటికీ కలలోకి వస్తుంది. మా జేజినాయన అలాంటి అర నిమిషాన్ని ఇరవై రెండేండ్ల వయసులో చూశాడు. పొగ కాదు, మంట. అందుకే ఈ పుస్తకం చేతిలో పెట్టుకుని ఊరికే కూర్చోలేకపోయాను. పుస్తకంలో ఉన్న ఒక మనిషి కూతురు ఇంకా బతికే ఉందని తెలిసి, ఈ ప్రయాణం పెట్టుకున్నాను. సర్వీసు కాగితాల కోసం ఒక ఆఫీసుకు కూడా తిరిగాను. రిజిస్టరు తెరవకుండానే "అంత పాతవి ఉండవమ్మా" అన్నారు. సరే, నా దగ్గర ఆయన చేతిరాతే ఉంది.

కోడుమూరు మీదుగా బస్సులో పత్తికొండకు చేరేసరికి మధ్యాహ్నం. దారి పొడుగునా నల్లరేగడి చేలల్లో పప్పుశనగ పీకి కుప్పలు వేస్తున్నారు. బస్టాండుకు మా చిన్నాయన కొడుకు కారు తెచ్చాడు. వాడికి పత్తికొండలో పురుగుమందుల అంగడి ఉంది. జనవరి 23 వస్తే అంగడి ముందర నేతాజీ ఫోటోకు దండ వేసి పిల్లలకు మిఠాయి పంచుతాడు. ఈ ప్రయాణానికి వాడు ఒప్పుకున్నది నా మీద ప్రేమతోనే గానీ జేజినాయన మీద ప్రేమతో కాదు.

"అక్కా, ఆయన దొరల పట్టాళంలోనే ఉండిపొయినాడు. నేతాజీ పిలిచినా పోల్యా. మనం తవ్వి తీసి ఏం చెప్పుకుంటాం?" అన్నాడు కారెక్కగానే.

వాడి బాధ నాకు తెలియనిది కాదు. మా ఊరి నుంచి పట్టాళానికి ఇద్దరు పోయారు. తిరిగొచ్చాక ఒకాయన "నేతాజీ తాత" అయ్యాడు, మా జేజినాయన "కాంపౌండరు తాత" అయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఐదేండ్లయిన 1972లో సమరయోధులకు తామ్రపత్రాలు, పింఛన్లు ఇచ్చారు. ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసినవాళ్ళకూ ఇచ్చారు. అప్పటి నుంచి ఆగస్టు 15 వస్తే నేతాజీ తాత కుర్చీలో, మా జేజినాయన జనంలో. తమ్ముడు ఐదో తరగతిలో ఉండగా ఎవడో పిల్లోడు "మీ తాత దొరల బంటు" అన్నాడంట. వాడు ఇంటికి వచ్చి ఏడ్చాడు. జేజినాయన అరుగు మీదే ఉన్నాడు, విన్నాడు, ఏమీ అనలేదు.

ఆ ఇద్దరూ 1946 తర్వాత మాట్లాడుకోలేదు.

రాత్రి వాడి ఇంట్లో జొన్నరొట్టె పెట్టారు. నేను మజ్జిగ చాలన్నాను. తమ్ముడు నా వైపు చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

ఫిబ్రవరి 12, ఎర్రగుడి – గుత్తి

పొద్దున్నే బయలుదేరే ముందు పుస్తకం వాడి చేతికిచ్చాను. ఒక్కో గీతకు ఒక్కో మనిషి. పేర్లు లేవు. మంచం నంబరు, ఊరు, జబ్బు, చివర ఒక మాట.

6 – సేలం – చెయ్యి తెగింది – సరి.
11 – రోహతక్ – రక్తవిరేచనాలు – పొయినాడు.
17 – డోను – కాళ్ళవాపు – సరి.
22 – మనూరు – కాలినవి – పొయినాడు.

మొత్తం 58 మంది. అందులో 31 మందికి చివర "పొయినాడు" అని ఉంది.

"ఇంతమంది సచ్చిపొయినారా?" అన్నాడు తమ్ముడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ 22వ మంచం మనిషి చావలేదు. మనూరు అంటే మా ఊరే, ఆ మనిషి నేతాజీ తాతే. ఆయన 1984 దాకా బతికాడు. మంచం దిగి ఆజాద్ హింద్ ఫౌజుకు పోయాడు. జేజినాయన దానికీ "పొయినాడు" అనే రాసుకున్నాడు.

మా ఆస్పత్రి రికార్డుల్లో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంటుంది. నయమై పోతే డిశ్చార్జ్, చెప్పకుండా పోతే అబ్‌స్కాండ్, వద్దన్నా వినకుండా పోతే లామా, చనిపోతే ఎక్స్‌పైర్డ్. జేజినాయన దగ్గర ఒక్కటే మాట ఉంది. ఆ 31 మందిలో ఎవరు కాటికి పోయారో, ఎవరు ఫౌజుకు పోయారో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. నర్సుగా నాకు ఇది కోపం తెప్పించింది కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. రికార్డు అలా రాయకూడదు. తర్వాత అనిపించింది, ఖాళీ అయిన మంచం పక్కన నిలబడి పెన్సిల్ పట్టుకున్నవాడికి ఆ పూటకు రెండూ ఒకటేనేమో.

గుత్తికి పోయే దారిలోనే ఎర్రగుడి. రోడ్డుకు కాస్త ఎడంగా బండల గుట్ట. అశోకుడి శాసనాలు అక్కడి రాళ్ళ మీద బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఆ దారిన వందసార్లు పోయి ఉంటాను, దిగింది ఇదే మొదటిసారి. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఆ పద్నాలుగు శాసనాల్లో రెండోది మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించిన సంగతి, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించిన సంగతి చెబుతుంది. పదమూడోది కళింగ యుద్ధం గురించి: లక్ష మంది చచ్చారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు, అది తలచుకుంటే రాజుకు బాధగా ఉంది అని. యుద్ధమూ వైద్యమూ ఒకే గుట్ట మీద. నేను ఆ రాయి మీద చేయి పెట్టి కాసేపు నిలబడ్డాను. తమ్ముడు కింద చెట్టు నీడన ఫోన్‌లో ఎవరికో పురుగుమందు రేటు చెబుతున్నాడు.

గుత్తిలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. కోట కింద తెల్లవాళ్ళ సమాధుల తోటకు పోయాం. థామస్ మన్రోను మొదట పూడ్చింది ఇక్కడే. సీడెడ్ జిల్లాలకు, అంటే ఈ సీమ జిల్లాలకు అప్పటి పేరు, 1800 నుంచి 1807 దాకా కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. ఉద్యోగం వదిలి ఇంగ్లండు పోయే ముందు ఈ సీమను ఒకసారి చూసిపోదామని వచ్చి, 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. తర్వాత శవాన్ని మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయారు. ఈ ప్రాంతంలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్ళు.

"మరి ఇరవై ఏండ్లకే కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీయల్యా? తల కోటకు కట్టల్యా? ఆ దొరలే కదా!" అన్నాడు తమ్ముడు.

"నిజమే. 1847 ఫిబ్రవరి 22. ఆ తల ముప్పై ఏండ్లు అట్లాగే వేలాడింది," అన్నాను. "కొడుక్కు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు, నరసింహారెడ్డి పదాలు పాడుకున్నవాళ్ళు వేరే వేరే ఊళ్ళోళ్ళనుకుంటున్నావా? ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. మన ముత్తాతలను నువ్వు రెండు గంపల్లో పోయలేవు."

వాడు మాట్లాడలేదు. గుత్తి నుంచి అనంతపురం దాకా రేడియో పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 13, అనంతపురం

రిటైరైన చరిత్ర లెక్చరర్ ఒకాయన ఇంటికి పోయాం. డెబ్బై ఎనిమిదేండ్లు. పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, పేజీలు తిప్పుతుంటే చేతులు వణికాయి.

ఆయన ముందు అడిగింది జేజినాయన 1941లో ఎందుకు చేరాడని. "కరువు సార్" అన్నాను. మా ఇంట్లో అందరూ చెప్పే మాట అదే. "అదే, అదే" అన్నాడాయన. "అప్పుడు అనంతపురంలో గాంధీ చెప్పిన వ్యక్తి సత్యాగ్రహం జరుగుతాండాది. ఈ యుద్ధానికి మనుషుల్ని ఇచ్చేదీ తప్పు, డబ్బు ఇచ్చేదీ తప్పు అని నడిబజార్లో చెప్పేది, జైలుకు పొయ్యేది. శ్రీ సాధన పత్రిక నడిపిన పప్పూరు రామాచార్యులు, నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు, అందరూ జైళ్ళకు పోయినోళ్ళే. అదే జిల్లాల్లో సంగటి లేక పట్టాళంలో చేరినోళ్ళూ ఉండారు. జైలుకు పోయినోడిదీ ఆకలికి చేరినోడిదీ ఒకే మన్ను కదమ్మా."

తమ్ముడి మొహం మీద ఏదో కదిలింది. వాడు మెల్లగా అసలు ప్రశ్న అడిగాడు. నేతాజీ పిలిచినప్పుడు మా తాత ఎందుకు పోలేదు?

సార్ కథంతా చెప్పాడు, నాకు తెలిసిందీ తెలియనిదీ. 1942 ఫిబ్రవరి 17న సింగపూర్ ఫారర్ పార్కు మైదానంలో మన సిపాయిలను దాదాపు 45,000 మందిని కూర్చోబెట్టారు. తెల్ల ఆఫీసర్లను అప్పటికే వేరు చేశారు. ఒక తెల్ల కర్నల్ వీళ్ళను జపానోళ్ళకు అప్పగించి పక్కకు తప్పుకున్నాడు. మేజర్ ఫుజివారా జపాను భాషలో మాట్లాడాడు. దాన్ని ఇంగ్లీషులో చెప్పారు, ఇంగ్లీషు నుంచి హిందుస్తానీలో చెప్పారు. తర్వాత కెప్టెన్ మోహన్ సింగ్ లేచి స్వాతంత్ర్య సైన్యం అన్నాడు.

ఇక్కడ నాకు ఒళ్ళు జలదరించింది. జేజినాయన ఆ రోజుల గురించి చెప్పిన మాట మా ఇంట్లో ఒక్కటే మిగిలింది. "మూడు బాసల్లో చెప్పినారు, తెలుగులో ఎవురూ చెప్పల్యా" అని. చిన్నప్పుడు అది ఏదో సినిమా మాటలా అనిపించేది. పత్తికొండ దాటి ఎరగని ఇరవై రెండేండ్ల పిల్లోడు, వేల మంది మధ్య మన్నులో కూర్చుని, తన బతుకు ఎటు పోతుందో తేల్చే మాటలు నడుస్తుంటే, పక్కవాడి మోచేయి పట్టుకుని "ఏమంటాండాడు?" అని అడిగాడు.

ఆ తర్వాత క్యాంపుల్లో మనుషులు రెండు రకాలైపోయారు, వాలంటీర్లు, నాన్ వాలంటీర్లు. ఆస్పత్రి వార్డులో మాత్రం పక్క పక్క మంచాలే. మోహన్ సింగ్‌కు జపానోళ్ళతో చెడి 1942 డిసెంబర్‌లో ఆ మొదటి సైన్యం చెదిరిపోయింది. 1943 జూలైలో సుభాష్ బోస్ సింగపూర్ వచ్చాడు. 5వ తేదీన పడాంగ్ మైదానంలో చలో ఢిల్లీ అన్నాడు. డాక్టర్లూ రెండుగా చీలారు. ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు లోగనాథన్ ఆజాద్ హింద్ తరఫున అండమాన్ గవర్నరయ్యాడు. నేతాజీకి వైద్యం చేసిన డాక్టర్ డి.ఎస్. రాజు మన గోదావరి జిల్లా మనిషి, తర్వాత రాజమండ్రి ఎంపీ, కేంద్రంలో రక్షణ శాఖ డిప్యూటీ మంత్రి. సింగపూర్‌లో క్లినిక్ నడుపుతున్న లక్ష్మీ స్వామినాథన్ ఝాన్సీ రాణి రెజిమెంటు కెప్టెన్ లక్ష్మి అయింది. చేరనివాళ్ళను వేల మందిని జపానోళ్ళు న్యూగినీ దాకా కూలి పనికి ఓడల్లో తోలారు. అక్కడ తిండి లేక, జబ్బుతో చచ్చినవాళ్ళకు లెక్క లేదు.

"చేరడం సుఖం, చేరకపోవడం పిరికితనం అనుకోవద్దు నాయనా," అన్నాడు సార్ తమ్ముడితో. "చేరనోడికే తన్నులు ఎక్కువ పడినాయి."

లేచేటప్పుడు ఆయన పుస్తకంలో 17వ గీత మీద వేలు పెట్టాడు. డోను మనిషి, కాళ్ళవాపు. బెరిబెరి. పాలిష్ పట్టిన బియ్యం ఒక్కటే తినేవాళ్ళకు బి1 విటమిన్ లేక కాళ్ళు నీరు పట్టి ఉబ్బుతాయి, గుండె ఆగిపోతుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. తవుడు తినిపిస్తే తగ్గుతుంది. ఆ గీత పక్కన సన్న అక్షరాలతో "తవుడు 3 చెంచాలు" అని ఉంది. మా ఇంట్లో జేజినాయన తవుడు డబ్బా ఒకటి ఉండేది. మేమంతా బర్రెలకనుకున్నాం. రోజూ పొద్దున మూడు చెంచాలు సంగట్లో కలుపుకుని తినేవాడు, చనిపోయే దాకా.

ఫిబ్రవరి 14, తాడిపత్రి – జమ్మలమడుగు

తాడిపత్రిలో చింతల వెంకటరమణస్వామి గుడి చూశాం. రాతి రథం ముందు తమ్ముడు ఫోటోలు తీసుకున్నాడు. ఊరి చుట్టూ నాపరాళ్ళ పాలిష్ మిషన్ల చప్పుడు, రోడ్డు పక్కన బూడిదరంగు బురద. నాకు మనసు అక్కడ లేదు. ఆ రోజు 14. 1942లో ఇదే రోజు జపాను సైనికులు సింగపూర్ అలెగ్జాండ్రా ఆస్పత్రిలో చొరబడి, డాక్టర్లనూ రోగులనూ బాయ్‌నెట్లతో పొడిచారు. ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నవాణ్ణి కూడా వదల్లేదు. ఆ రోజూ మర్నాడూ కలిపి చనిపోయినవాళ్ళు దాదాపు 200 మంది. అది తెల్లవాళ్ళ ఆస్పత్రి. ఆ కబురు మన సిపాయిల ఆస్పత్రులకు చేరకుండా ఉంటుందా? ఇంకో గంటకో పూటకో మా వార్డుకూ వస్తారు అనుకుంటూ కట్లు కట్టిన చేతులవి.

రాత్రి జమ్మలమడుగులో ఆగాం. క్యాంప్‌బెల్ మిషన్ ఆస్పత్రి గోడ పక్కన నడుస్తుంటే తమ్ముడు ఉన్నట్టుండి అడిగాడు. "అక్కా, నువ్వైతే ఏం చేసుందువు?"

"నాకు తెలీదురా," అన్నాను. నిజంగానే తెలియదు. "డ్యూటీ అప్పజెప్పుకోవడానికి ఇంకొకరు వస్తే పోయేదాన్నేమో. ఎవరూ రాకపోతే ఎట్లా పోయేది?"

ఫిబ్రవరి 15, గండికోట రిజర్వాయరు దగ్గరి కాలనీ

నేతాజీ తాత కూతురు ఉన్న ఊరు గండికోట రిజర్వాయరులో మునిగిపోయింది. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటోంది. వరుసగా ఒకే రకం ఇండ్లు, ఇంకా నీడ పట్టని వేపమొక్కలు. ఎనభై నాలుగేండ్ల మనిషి. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను ఎవరి మనవరాలినో చెప్పాను. చేతిలో పని ఆగింది. చాలాసేపు నా మొహంలోకి చూసింది.

"కాంపౌండరు మనమరాలివా. రామ్మా, కూసో. ఆ పిల్లోడు?"

"మా చిన్నాయన కొడుకు, పెద్దమ్మా."

"ఆయన ముక్కే వచ్చిండాది" అంది. తమ్ముడు ముక్కు తడుముకున్నాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టాక మేం అడగాల్సిన పని లేకపోయింది. వాళ్ళ నాయన పట్టాళానికి పోయేటప్పుడు ఆమె తల్లి కడుపులో ఉంది. నాలుగేండ్ల దాకా నాయన మొహం చూడలేదు. మూడేండ్లు జాబు లేదు, కబురు లేదు. ఊళ్ళో ఎవరో బొట్టు తీసేయమన్నారంట. వాళ్ళమ్మా మా జేజీ ఇద్దరూ కలిసి చెరువుకట్ట మీద కూర్చుని, ఒకరి నుదుటి మీద ఒకరు బొట్టు పెట్టుకుని వచ్చారంట. మా జేజి ఈ సంగతి ఎప్పుడూ మాకు చెప్పలేదు.

"మా నాయన సాపర్సులో, పట్టాళానికి బాటలూ వంతెనలూ ఏసేవాళ్ళల్లో ఉండె. మలేరియా వచ్చి ఆస్పత్రిలో పండినాడు. కొట్టాలు అంటుకునె. కాళ్ళు కాలిపొయినాయి. మీ జేజినాయన బుజాన వేసుకొని బయటికి తెచ్చినాడు. ఇంగో మనిషి కోసం మళ్ళీ లోపలికి పొయినాడు. వాడు బతకల్యా."

ఆమె ఇది చెబుతున్నప్పుడు తమ్ముడు నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తున్నాడు.

ఏడాదిన్నర ఆ కాళ్ళకు కట్టు కట్టింది జేజినాయనే. 1943లో నేతాజీ మాట విని వచ్చిన రాత్రి వాళ్ళ నాయన, "రారా పోదాం, మన దేశానికే పోదాం" అన్నాడంట. జేజినాయన "వార్డులో నలభై మంది ఉండారు. ఎవుని చేతుల్లో పెట్టి వచ్చేది?" అన్నాడంట. మాట మాట పెరిగింది. "దొరల బంటువి" అన్న మాట మొదట ఆ వార్డులోనే పుట్టింది. అన్నది ఎవడో బడిపిల్లోడు కాదు, ఆయన భుజం మీద బతికి బయటపడిన స్నేహితుడు. జేజినాయన కూడా ఒక మాట అన్నాడంట. "నీ కాళ్ళు నేను నడవనిచ్చినవిరా, సావనీకి పోతాండావు." ఆ మాటను ఆయన చచ్చే దాకా మరిచిపోలేదంది ఆమె.

ఆయన బర్మా దాకా పోయాడు. 1945లో రంగూన్ దగ్గర పట్టుబడ్డాడు. కలకత్తా దగ్గర నీల్‌గంజ్ క్యాంపులో పెట్టారు. అక్కడ మనుషులను రంగుల పేర్లతో విడదీశారు. ఫౌజులో చేరనివాళ్ళు తెలుపు, చేరి ఊగిసలాడినవాళ్ళు బూడిద, గట్టిగా నిలబడ్డవాళ్ళు నలుపు. ఈయన నలుపు. జీతం బాకీ అంతా పోయింది, ఉద్యోగం పోయింది. ఎర్రకోటలో ఫౌజు ఆఫీసర్లు షానవాజ్, సెహగల్, ధిల్లాన్‌ల విచారణ మీద దేశమంతా ఊగిపోతుంటే ఈయన చినిగిన చొక్కాతో గుంతకల్లులో రైలు దిగాడు. మా జేజినాయన తెలుపు. నాలుగేండ్ల జీతం ఒక్కసారి వచ్చింది. మేం ఇప్పటికీ తింటున్న మూడెకరాల చేను ఆ డబ్బుతో కొన్నదే.

"సగం దుడ్డు మూట కట్టుకొని మా ఇంటికి వచ్చినాడు మీ జేజినాయన. నేను సూసినా. గడపలో పెట్టినాడు. మా నాయన కాలితో తోసినాడు. ఆ కాలితోనే." ఆమె కాసేపు ఆగింది. "మాయమ్మ ఆ పొద్దు పొయ్యి ముట్టియ్యల్యా. ఇంట్లో గింజ ఉంటే కదా. ఆ దుడ్డు తీసుకోనుంటే మా తమ్ముడు బతికుండునేమో అని మాయమ్మ సచ్చేదాకా అనె."

దీనికి నా దగ్గర మాట లేదు. దేశం కోసం కాలు ఎత్తినవాడి ఇంట్లో పిల్లవాడు ఆకలికి పోయాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ సైనికుల్ని పట్టాళంలోకి తిరిగి తీసుకోలేదు. పింఛను రావడానికి పాతికేండ్లు పట్టింది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ మూడెకరాల గింజలు తిని పెరిగినదాన్ని నేను.

ఇంటి వెనక పశువుల కొట్టం చూపించింది. పైన రేకులు కాదు, గడ్డి కాదు, పాత నాపబండలు. మునిగిన ఊళ్ళో వాళ్ళ నాయన కప్పించిన బండలంట. పొయ్యి దగ్గర నుంచి దొడ్డి దాకా ఎక్కడా బోద గడ్డి కప్పనిచ్చేవాడు కాదు, బోద కొట్టం కింద ఒక్క రాత్రి పడుకునేవాడు కాదు. ఊరు ఖాళీ చేసేటప్పుడు కొడుకులు తలుపులు, కిటికీలు తెచ్చుకుంటుంటే ఈమె బండలు ఎత్తించమని పట్టుబట్టి కూర్చుందంట. నేను ఫిబ్రవరి 11 మజ్జిగ సంగతి చెప్పాను. ఆమె తల ఊపింది, ఎప్పటి నుంచో తెలిసిన మనిషి గురించి విన్నట్టు.

పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాను. "మా నాయన యాడుండాడు?" అంది. 22వ గీత చూపించాను. చదివి వినిపించమంది. చదివాను. మనూరు, కాలినవి, పొయినాడు.

ఆమె వేలితో ఆ గీతను తడిమింది. "పొయినోడు మళ్ళ వచ్చినాడు కదమ్మా. అది రాసుకోల్యానా?"

"లేదు పెద్దమ్మా."

"నాకు రాయను రాదు. నువ్వు రాయి."

నేను వెనకాడాను. ముప్పై నాలుగేండ్లలో ఇంకొకరి రికార్డు దిద్దలేదు. తప్పనిసరై రాయాల్సి వస్తే పాత రాత కొట్టేయకూడదు. పక్కన రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ప్రతి కొత్త నర్సుకూ నేను ముందు నేర్పేది అదే. తమ్ముడు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి నా చేతికిచ్చాడు.

"పొయినాడు" పక్కన ఖాళీ కొంచెమే ఉంది. "వచ్చినాడు" అని రాశాను. కింద 15-2 అని తేదీ వేసి పొడి అక్షరాలు పెట్టాను. ఆమె పుస్తకం తమ్ముడి వైపు తిప్పి, "నువ్వు కూడా పెట్టు నాయనా" అంది.